చేపకు తగ్గ కత్తి ఏది?

* కత్తిపీటది ఒక పని.. పల్చటి కత్తిది మరో పని
* అయస్కాంతంతో తేలిపోయే స్టీలు గుట్టు
* మొద్దు కత్తే అసలు ప్రమాదం

కెంచనగుడ్డ (సిరుగుప్ప తాలూకా): ఏట్లో చేపను పట్టడం ఒక ఎత్తు. దాన్ని తెచ్చి పొలుసు గీకి, పిత్తం పగలకుండా కడుపు కోసి, ముల్లు తీసి ముక్క చేయడం మరో ఎత్తు. మొదటిది వల చూసుకుంటుంది. రెండోది కత్తి చూసుకోవాలి. ఆ కత్తి సరైనది కాకపోతే చేప సగం చెత్తబుట్టలోకి పోతుంది. వేలు తెగితే వారం రోజుల కూలీ కూడా దానితో పాటే పోతుంది.

కెంచనగుడ్డ తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. శ్రీ రాఘవేంద్రస్వామి మఠం పరంపరకు చెందిన వసుధేంద్ర తీర్థుల బృందావనం ఇక్కడే ఉంది. మడి కట్టుకుని వచ్చే యాత్రికులకూ ఇదే నది, పుట్టి వేసుకుని వల విసిరేవాళ్లకూ ఇదే నది. ఈ తాలూకాలోనే వేదావతి (హగరి) వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. ఇంకాస్త కిందికి పోతే కర్నూలు జిల్లా కౌతాళం మండలం, ఆ తర్వాత మంత్రాలయం.

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. సిరుగుప్ప మైసూరు వైపు నిలిచింది. ఊళ్ల మధ్య గీత పడింది గానీ వంటింట్లో పడలేదు. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో కత్తిపీట ఉంటే, పక్కింటి కన్నడిగుల ఇంట్లో అదే 'ఈళిగె'. పేరు వేరు, పీట ఒకటే.

తుంగభద్ర ఆయకట్టు వచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి సిరుగుప్ప, సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లతో పాటే బొచ్చె, శీలావతి, కొర్రమీను అనే పేర్లూ, పులుసు రుచీ వచ్చాయి. ఇప్పుడు దానికి తోడు హోటళ్ల నుంచి కొత్త అడుగు మొదలైంది. అదే 'బోన్‌లెస్'. ముల్లు లేని ముక్క కావాలి. దీనికి మాత్రం తాతల నాటి కత్తిపీట ఒక్కటే సరిపోదు.

కత్తిపీటను తీసిపారేయకండి

ముందుగా ఒక మాట. పల్చటి కొత్త కత్తి కొన్నంత మాత్రాన కత్తిపీటను అటక మీదికి ఎక్కించనక్కర్లేదు. దాని పని దానికుంది.

కత్తిపీటలో కత్తి కదలదు, చేప కదులుతుంది. పీటను కాలితో అదిమి పట్టి, రెండు చేతులతో చేపను పట్టుకుని అంచు మీదికి తోస్తారు. జారిపోయే చేపను రెండు చేతులా పట్టుకునే వీలు మామూలు కత్తిలో లేదు. మూడు కిలోల బొచ్చెను అడ్డంగా ముక్కలు కొట్టాలన్నా, తలను రెండుగా చీల్చాలన్నా కత్తిపీట ముందు ఏ కత్తీ నిలవదు. బెంగాలీలు 'బొటి' అనేదీ, తమిళులు 'అరువామణై' అనేదీ, మరాఠీలు 'విళి' అనేదీ ఇదే కుటుంబం.

మన పులుసు ముక్కకు వెన్నెముకతో సహా అడ్డంగా కోసిన ముక్కే కావాలి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి వాటిలో కండ మధ్యలో రెండు పాయలుగా చీలిన సన్నటి ముళ్లు ఉంటాయి. అవి వెన్నెముకకు అంటుకుని ఉండవు. కండలోనే దిగబడి ఉంటాయి. ఎంత ఖరీదైన కత్తితో పొర తీసినా ఆ ముళ్లు పొరతో పాటే వస్తాయి. అందుకే వీటిని అడ్డ ముక్కలుగా కోసి, తినేటప్పుడు ముల్లు ఏరుకోవడమే తాతల నాటి తెలివి. 'బోన్‌లెస్ కావాలి' అని శీలావతిని చేతికిస్తే ఎవరైనా చేసేదేం లేదు.

కొర్రమీను, తిలాపియా, పంగాసియస్ మాట వేరు. వీటి కండలో సన్న ముళ్లు చాలా తక్కువ. వెన్నెముక మీదుగా కత్తి నడిపితే రెండు వైపులా రెండు నిండు పొరలు వస్తాయి. హైదరాబాదు హోటళ్లలో పుట్టి బళ్లారి దాకా వచ్చిన 'అపోలో ఫిష్' ముక్కలు ఇలాంటి చేపలవే. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను ఈ పనికి పెట్టింది పేరు. ఇక్కడే పల్చటి కత్తి అవసరం పడుతుంది.

పొర తీసే కత్తి ఎలా ఉండాలి?

మార్కెట్లో 'ఫిల్లెట్ నైఫ్' అని అమ్మేది సన్నగా, పొడవుగా, మొన తేలి, కొంచెం వంగే కత్తి. ఫిన్లండ్‌లో 1928లో మొదలైన మార్తీని కంపెనీ, ఎరలు తయారుచేసే రపాలా కంపెనీ కోసం 1960ల్లో చేసిన కత్తి ఈ రకాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఆ కత్తే కొనాలని ఏమీ లేదు. దాని లక్షణాలు తెలిస్తే చాలు. సంతలోనైనా, బళ్లారి పాత్రల కొట్లోనైనా మంచిదాన్ని ఏరుకోవచ్చు.

పొడవు: చేపను బట్టి కత్తి. కిలో లోపు తిలాపియాకు 6 అంగుళాల అలుగు చాలు. రెండు మూడు కిలోల కొర్రమీనుకు 7 నుంచి 8 అంగుళాలు ఉండాలి. అంతకు మించిన వాలుగకు 9 అంగుళాలది. అలుగు చేప వెడల్పు కన్నా పొడవుగా ఉంటేనే ఒకే లాగుడులో పొర వస్తుంది. పొట్టి కత్తితో రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే కండ చిట్లి, హోటలువాడు తీసుకోడు.

వంపు: కత్తి మొనను చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కండి. విల్లులా కొంచెం వంగి, వదలగానే మళ్లీ నిటారుగా రావాలి. వంగి అలాగే ఉండిపోతే అది మెత్తటి రేకు. అసలు వంగకపోతే అది కూరగాయల కత్తి. వెన్నెముక మీద ఎగుడుదిగుళ్లు ఉంటాయి. వంగే కత్తి వాటిని ఒరుసుకుంటూ పోతుంది. వంగనిది ఎముకకు కండ వదిలేస్తుంది.

మందం: వీపు వైపు ఒకటి, రెండు మిల్లీమీటర్లు మించకూడదు. మందం ఎక్కువైతే చర్మం తీసేటప్పుడు కండలోకి దిగబడుతుంది.

పిడి: దుకాణంలో పొడి చేత్తో పట్టుకుంటే అన్ని పిడులూ బాగానే ఉంటాయి. చేప జిగురు అంటిన తడి చేతికే పిడి అసలు రంగు తెలుస్తుంది. నున్నటి పిడి వద్దు. గరుకు పట్టున్న ప్లాస్టిక్ లేదా రబ్బరు పిడి మేలు. పిడికీ అలుగుకీ మధ్య వేలు ముందుకు జారకుండా చిన్న అడ్డు ఉండాలి. చెక్క పిడి పట్టుకు బాగుంటుంది గానీ నీళ్లు తాగి ఉబ్బుతుంది, పగుళ్లలో వాసన, మురికి నిలుస్తాయి. చెక్కదే వాడేవాళ్లు కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

తోక: అలుగు ఇనుము పిడిలోపల చివరిదాకా వెళ్లిందో లేదో చూడాలి. సగంలో ఆగిపోయిన కత్తి నాలుగు నెలల్లో ఊగడం మొదలుపెడుతుంది. ఊగే కత్తి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఇనుమా.. స్టీలా?

'ఉక్కు' అన్న మాట తెలుగులోనూ కన్నడలోనూ ఒక్కటే. ఇంగ్లిషువాళ్లు మన ఉక్కుకు పెట్టిన 'వూట్జ్' అనే పేరు కూడా ఈ మాట నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ రాశాడు. ప్రపంచానికి కత్తి ఇనుము పంపిన నేల మనది. ఇవాళ అదే నేల మీద చేప కోసేవాళ్లు రేకు కత్తితో కుస్తీ పట్టడం విచిత్రమే.

కత్తికి వాడే లోహం రెండు రకాలు. ఒకటి కమ్మరి కొలిమిలో తయారయ్యే ఇనుప కత్తి. ఇప్పుడు చాలాచోట్ల లారీ కమాను పట్టీలే దీనికి ముడిసరుకు. ఆ పట్టీల్లో నూటికి అర వంతుకు పైగా కార్బన్ ఉంటుంది. ఎర్రగా కాల్చి, సమయం చూసి ముంచితే గట్టిపడుతుంది. పదును తొందరగా పడుతుంది, చాలాసేపు నిలుస్తుంది. కానీ తుప్పు పడుతుంది. నిమ్మకాయ, చింతపండు తగిలితే నల్లబడుతుంది.

రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేసిన ప్రయోగాల నుంచి కత్తుల తయారీకి వచ్చింది. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. మంచి వంటింటి కత్తుల్లో 13 నుంచి 15 శాతం దాకా వేస్తారు. తుప్పు తక్కువ. ఏటి గట్టున రోజంతా తడిలో ఉండే కత్తికి ఇది అనువు. అయితే పదును పెట్టడానికి కాస్త ఎక్కువ ఓపిక కావాలి.

అసలు మోసం ఎక్కడుందంటే, 'స్టెయిన్‌లెస్' అని రాసి ఉన్నదల్లా కత్తి స్టీలు కాదు. గిన్నెలు, గ్లాసులు చేసే స్టీలు ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. దానితో చేసిన కత్తి మిలమిలా మెరుస్తుంది, రెండు చేపలు కోసేసరికి మొద్దుబారుతుంది. దీన్ని కనిపెట్టడానికి చిన్న చిట్కా ఉంది. దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం ముక్క వేసుకెళ్లండి. అలుగుకు గట్టిగా అంటుకోకపోతే అది గిన్నె స్టీలే, వదిలేయండి. అంటుకున్నంత మాత్రాన మంచిదని పూచీ లేదు. అంటుకోనిది మాత్రం కత్తికి పనికిరాదని తేలిపోతుంది.

కొన్ని కత్తుల అట్టపెట్టెల మీద కాఠిన్యం అంకె వేస్తారు. 'హెచ్ఆర్‌సీ' అని ఉంటుంది. పొర తీసే కత్తికి 55 నుంచి 58 మధ్య ఉంటే మేలు. తక్కువైతే మొద్దుబారుతుంది. మరీ ఎక్కువైతే ఎముక తగిలినప్పుడు అంచు పెళుసుగా విరుగుతుంది.

కమ్మరి దగ్గర చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. కత్తిపీట అలుగుకు, మచ్చుకత్తికి కమ్మరిని మించినవాడు లేడు. చేతికి తగ్గ పిడి, చేపకు తగ్గ బరువు చెప్పి చేయించుకునే వెసులుబాటు కొట్లో దొరకదు. అయితే కమాను పట్టీతో రెండు మిల్లీమీటర్ల లోపు పల్చటి, వంగే అలుగు తీయడం ఓపికతో కూడిన పని. కాల్చినప్పుడు మెలిక పడుతుంది. అందుకని బరువు పనికి కమ్మరి కత్తి, పొర పనికి కొన్న కత్తి అని పంచుకోవడం తెలివైన దారి.

చేయించుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఇనుము ఎరుపు తిరిగి దాదాపు 770 డిగ్రీలకు చేరితే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ వేడి దాటాక నూనెలో ముంచితేనే కమాను ఇనుము సరిగ్గా గట్టిపడుతుంది. ఆ తర్వాత మళ్లీ కొద్దిగా వేడి చూపించాలి. లేదంటే అంచు గాజులా పెళుసుగా ఉండి, మొదటి బొచ్చె తలకే పెచ్చు లేస్తుంది. కత్తి మొత్తానికి కాకుండా అంచుకే పదను పట్టి, వీపు కాస్త మెత్తగా ఉంటే ఇంకా మంచిది.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. కమ్మరి పని, సుత్తి-పనిముట్ల తయారీ, పడవల తయారీ, చేపల వలల అల్లకం ఆ జాబితాలో ఉన్నాయి. పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. వల అల్లేవాళ్లకు చోటు దొరికింది, కత్తి చేసేవాళ్లకు దొరికింది. ఆ కత్తితో పొద్దుట్నుంచీ మార్కెట్లో చేపలు కోసి కూలి తీసుకునేవాళ్ల పని మాత్రం 18 వృత్తుల్లో లేదు. చేప కోత కూడా చేతిపనేనని గుర్తించాల్సిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది. కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని గంటల తరబడి కోసేవాళ్లకు మోకాళ్లు, నడుము అరిగిపోతాయి. నిలబడి కోసే బల్ల, మంచి కత్తి, చేతికి తొడుగు.. ఈ మూడూ వాళ్లకు అవసరమే గానీ ఆడంబరం కాదు.

లెక్క ఇదీ...

కత్తికి డబ్బు పెట్టడం ఎందుకని అడిగేవాళ్లకు ఒక చిన్న లెక్క. తిలాపియా నుంచి ముల్లు లేని కండ సుమారు మూడో వంతే వస్తుంది. పది కిలోలు కోస్తే మూడు, మూడున్నర కిలోలు. మొద్దు కత్తితో వెన్నెముకకు చేపకు 20 గ్రాముల కండ అంటుకుని పోయిందనుకోండి. అర కిలో చేపలు ఇరవై కోసేసరికి 400 గ్రాములు పోయినట్టే. హోటలుకు ఇచ్చే మొత్తంలో ఇది ఎనిమిదో వంతుకు దగ్గర. వారానికి ఒక్కరోజు ఇలా కోసినా ఏడాదికి 20 కిలోల పైన కండ చెత్తలోకి పోతుంది. ఆ డబ్బుతో ఎన్ని కత్తులు వస్తాయో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

మిగిలిన తల, ముల్లు కూడా పారేసేవి కావు. కొర్రమీను తలతో, వెన్నెముకతో పులుసు పెట్టుకోవచ్చు. అందుకే పొర తీసేటప్పుడు కడుపు పేగులు, మొప్పలు ముందే తీసేసి, తల, ముల్లు శుభ్రంగా విడిగా పెట్టుకోవాలి.

కోసే వరస

పొలుసు: పొలుసు గీకడానికి పొర కత్తి అంచు వాడొద్దు. పదును పోతుంది. కత్తి వీపుతో గానీ, విడిగా పొలుసు గీకేదానితో గానీ తోక నుంచి తల వైపుకు గీకాలి. కొర్రమీను జిగురు పోవడానికి బూడిద, కళ్లుప్పు వేసి రుద్దడం పాత పద్ధతి. అది ఇప్పటికీ మంచి పద్ధతే. చేప జారదు, చేయి జారదు. వాలుగకు (కన్నడంలో బాళె మీను) పొలుసు ఉండదు.

రెక్క ముళ్లు: జెల్లలకు రెక్కల దగ్గర, వీపు మీద గట్టి ముళ్లుంటాయి. ఇంగిలాయి, అదే కన్నడంలో 'చేళు మీను', పేరుకు తగ్గట్టే తేలులా కుడుతుంది. దాని ముల్లులో విషం ఉంటుంది. ఇలాంటి వాటికి కత్తి పెట్టకముందే కత్తెరతో ముళ్లు కత్తిరించాలి. కుడితే గాయాన్ని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

కడుపు: కిందివైపు రంధ్రం దగ్గర మొన పెట్టి మొప్పల దాకా పైపైన చీల్చాలి. మొనను లోతుకు దించితే పిత్తం సంచి పగులుతుంది. ఆకుపచ్చగా ఉండే ఆ సంచి పగిలితే కండంతా చేదు. మొన చురుగ్గా, చేతికి లొంగేలా ఉండాల్సింది ఇందుకే.

పిత్తం గురించి ఇంకో మాట. కళ్లకు మంచిదనీ, చక్కెర జబ్బుకు మందనీ శీలావతి, బొచ్చె వంటి చేపల పిత్తాన్ని మింగేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ పిత్తంలోని విష పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వండినా అది పోదు. పిత్తం మింగి కొన్ని గంటల్లో వాంతులు, కడుపునొప్పితో మొదలై డయాలసిస్ దాకా వెళ్లిన కేసులు మన దేశంలో వైద్యులు నమోదు చేశారు. పిత్తం సంచి చోటు చెత్తబుట్టలోనే.

పొర: మొప్ప వెనక కత్తి ఏటవాలుగా దించి, వెన్నెముక తగలగానే ఆపాలి. అలుగును పక్కకు తిప్పి, ఎముకను ఒరుసుకుంటూ తోక దాకా ఒకే లాగుడు. ఎముక మీద కత్తి రాసుకుంటున్న చప్పుడు సన్నగా వినిపిస్తూ ఉంటే సరిగ్గా పోతున్నట్టు. తర్వాత పక్కటెముకలను పల్చగా చెక్కేయాలి. చర్మం తీయాలంటే తోక కొసను ఉప్పు అద్దిన వేళ్లతో పట్టుకుని, కత్తిని చెక్కకు దాదాపు బల్లపరుపుగా ఆనించి, కత్తిని నిలిపి చర్మాన్ని లాగాలి. కత్తిపీటలో నేర్చిన సూత్రమే ఇది. కత్తి ఆగుతుంది, చేప కదులుతుంది.

సాన పట్టకపోతే కత్తి దండగ

కత్తి ఎంత మంచిదైనా సాన లేకపోతే రేకు ముక్కే. సైకిలు మీద సాన చక్రం తిప్పుకుంటూ వచ్చేవాళ్లు కత్తిపీటకు, కొడవలికి చాలు. పల్చటి పొర కత్తిని మాత్రం ఆ చక్రానికి ఇవ్వకూడదు. నిప్పురవ్వలు లేచే వేడికి అంచు పదను చచ్చిపోతుంది. ఇంట్లోనే సానరాయి పెట్టుకోవడం మేలు. ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే రాయి కొనండి. నున్న వైపు 1000 నంబరు ఉంటే చాలు.

కోణం 15 నుంచి 20 డిగ్రీలు. డిగ్రీలు కొలిచేదెలా? రెండు సెంటీమీటర్ల వెడల్పున్న అలుగైతే వీపును రాయి నుంచి సుమారు అర సెంటీమీటరు ఎత్తి పట్టుకుంటే 15 డిగ్రీలు వచ్చినట్టే. రాయి తడిపి, రెండు వైపులా సమానంగా, ఒత్తకుండా నడపాలి. పదును చూడటానికి బొటనవేలు పెట్టొద్దు. దినపత్రిక ముక్కను గాల్లో పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా తెగితే సిద్ధం.

మొద్దు కత్తితో వేలు తెగదని కొందరి ధీమా. నిజానికి మొద్దు కత్తిని బలంగా నొక్కాల్సి వస్తుంది. నొక్కినప్పుడే జారుతుంది. జారినప్పుడే చేయి తెగుతుంది.

వేలు తెగితే...

చేప గాయం చిన్నదని వదిలేయకూడదు. చేపల నీళ్లలో, జిగురులో ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఆ గాటులోంచి లోపలికి పోతాయి. 1995-96 శీతాకాలంలో కెనడాలోని టొరంటోలో తిలాపియా వంటి చేపలు శుభ్రం చేస్తూ చేయి గీసుకున్న కొందరికి చర్మం కింద తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకింది. చేపల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ ఇనియే అనే క్రిమి కారణమని వైద్యులు తేల్చారు. అంత పెద్ద నగరంలో జరిగింది ఏటి గట్టున జరగదని ఏముంది?

గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే మంచినీళ్లతో కడగాలి. పసుపు, కాఫీపొడి అద్ది కట్టేయడం కన్నా శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తం ఆపడం ముఖ్యం. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి. పాత టీటీ సూది స్థానంలో ఇప్పుడు టీడీ ఇస్తున్నారు. వాపు, ఎరుపు చేయి పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కత్తి పట్టని చేతికి కోత తగలని జాలీ తొడుగు వేసుకుంటే ఈ బెడదలు చాలావరకు తప్పుతాయి.

బస్సులో తీసుకెళ్లేటప్పుడు

బళ్లారిలో కొన్నా, ఆదోనిలో కొన్నా కత్తిని అట్టలో చుట్టి, తాడు కట్టి సంచి అడుగున పెట్టుకోవాలి. బిల్లు దగ్గర ఉంచుకోవడం మంచిది. ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల్లో చేర్చినా, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైన వాటిని మినహాయించారు. చేపల కత్తి ఇంటి పనిముట్టే. అయినా సరిహద్దు తనిఖీల్లో చేత్తో ఊపుకుంటూ పోవడం ఎవరికీ మంచిది కాదు.

రాత్రిపూట దాచేటప్పుడు

పని కాగానే కత్తిని వేడినీళ్లు, సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. ఇనుప కత్తికి కొబ్బరినూనె గానీ వేరుశనగ నూనె గానీ పల్చగా రాయాలి. యంత్రాల నూనె వద్దు, అది తిండిలోకి వస్తుంది. కత్తిపీటను వాడగానే మడిచో, పక్కకు వాల్చో పెట్టాలి. అంచు పైకి ఉండగా వదిలేస్తే పిల్లల కాళ్లకే ముందు తగులుతుంది. పొర కత్తిని మిగతా సామాన్లతో కలిపి డబ్బాలో వేయొద్దు. తొడుగులో పెట్టాలి, లేదంటే మందపాటి అట్ట మడిచి తొడిగినా చాలు. కోసే చెక్క కూడా చేపకు విడిగా ఉంచుకోవాలి. దాని మీదే ఉల్లిపాయ, కొత్తిమీర తరిగే అలవాటు మానుకోవాలి.

కొనే ముందు ఒక్కసారి...

* కొనేది ఏ చేప కోసం? పులుసు ముక్కకైతే కత్తిపీట చాలు. ముల్లు లేని పొరకైతేనే పల్చటి కత్తి.
* అయస్కాంతం అంటుకుందా?
* మొన ఆనించి నొక్కితే వంగి, తిరిగి నిటారుగా వచ్చిందా?
* తడి చేత్తో పిడి జారలేదు కదా? దుకాణంవాడిని అడిగి నీళ్లతో చేయి తడుపుకుని చూడండి.
* అలుగు ఇనుము పిడి చివరిదాకా ఉందా?
* సానరాయి కూడా కొన్నారా? అది లేకుండా కత్తి కొనొద్దు.

రెండు భాషల్లో అడగండి

సిరుగుప్ప సంతలో అడిగేవాళ్లకు ఈ మాటలు పనికొస్తాయి. కత్తిపీట - ఈళిగె. చాకు - చాకు. చురకత్తి - చూరి. కమ్మరి - కమ్మార. సానరాయి - సాణె కల్లు. మొప్పలు - కివిరు. చేప - మీను. ఉక్కు మాత్రం రెండు భాషల్లోనూ ఉక్కే.

2009 అక్టోబరు వరదకు మంత్రాలయం మునిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయి ఏటి ఒడ్డు ఊళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి. ఈ నదిలో నీళ్లు ఎప్పుడు ఎంత వస్తాయో, వలలో ఎన్ని చేపలు పడతాయో గట్టున ఉన్నవాళ్ల చేతిలో లేదు. పడిన చేపలో ఒక్క ముక్క కూడా వృథా కాకుండా, ఒక్క వేలూ తెగకుండా కోసుకోవడం మాత్రం వాళ్ల చేతిలో పనే. బెస్తవారి ఇంట్లోనైనా, అంబిగల ఇంట్లోనైనా, క్యాంపు రైతు వంటింట్లోనైనా దానికి కావాల్సింది చేపకు తగ్గ కత్తి, పక్కనే ఒక సానరాయి.